ఇంటిగుట్టు ఎవరి గుట్టు?

మా పిన్ని టీవీ చూడడం మానేసింది. పూర్తిగా కాదు. సాయంత్రం అందరితో పాటు హాల్లో కూర్చుని వార్తలు చూస్తుంది. రాత్రి రెండు సీరియల్స్ చూస్తుంది. శనివారం పొద్దున్నే వెంకటేశ్వరస్వామి పాటలు పెడుతుంది. మానేసింది మధ్యాహ్నం టీవీని. భోజనాలయి, అంట్లు తోముకుని, బాబాయి మళ్ళీ మార్కెట్టుకి వెళ్ళాక, పాలు పోసే ఆమె వచ్చేలోగా ఉండే ఆ రెండు గంటలే ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడ తనవని చెప్పుకోగలిగినవి. ఇప్పుడు ఆ రెండు గంటలూ పడుకుంటోంది. నిద్ర పట్టదట. ఊరికే పడుకుంటోంది.

ఇదంతా ఆవిడని అడిగే రాస్తున్నాను. "నా పేరు రాయకు. ఊరి పేరు రాసుకో. రావులపాలెంలో పిన్నులకేం కరువా?" అంది.

రావులపాలెం తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. జొన్నాడ దగ్గర గౌతమి మీద వంతెన దాటి కోనసీమలో కాలు పెట్టగానే తగిలే ఊరది. చుట్టుపక్కల లంకల్లోంచి, తోటల్లోంచి గెలలు కోసుకొచ్చి దింపే అరటి మార్కెట్టు ఉంది. బాబాయిది అక్కడే కమిషన్ వ్యాపారం. మూడేళ్ళ క్రితం సంక్రాంతికి హైదరాబాద్ నుంచి తమ్ముడు పెద్ద స్మార్ట్ టీవీ కొని పంపాడు. షాపు కుర్రాడు వచ్చి గోడకి బిగించాడు. తెర మీద వచ్చినవాటికల్లా ఓకే, ఓకే అని నొక్కుకుంటూ పోయాడు. పండక్కి వచ్చిన తమ్ముడు తన మెయిల్‌తో లాగిన్ చేసి, "టైపు చెయ్యక్కర్లేదమ్మా, రిమోట్ మీద మైకు బొత్తాం నొక్కి తెలుగులో అడిగెయ్" అని నేర్పాడు. ప్రేమతోనే నేర్పాడు. ఈ కథలో దుర్మార్గులెవరూ లేరని ముందే చెప్తున్నాను. ఉంటే ఇంత రాయాల్సిన పనే ఉండేది కాదు.

పిన్ని అడగడం మొదలుపెట్టింది. మొదట ముగ్గులు, పచ్చళ్ళు, పాత సినిమాలు. తర్వాత ఒంట్లో సంగతులు. ఆవిడకి నలభై ఎనిమిదేళ్ళు. ఏడాదిగా నెలసరి అదుపులో లేదు. చూపించుకుంటే డాక్టరు రెండు నిమిషాల్లో తేల్చేశాడట, గర్భసంచి తీసేద్దామని. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ముందు తనకి తెలియాలిగా అసలదేమిటో! తీసేస్తే ఏమవుతుంది, తియ్యకపోతే ఏమవుతుంది, మందులతో తగ్గదా, తీయించుకున్నవాళ్ళు ఎలా ఉన్నారు... ఇవన్నీ ఆ మైకుని అడిగింది. ఈ ప్రశ్నలు ఆవిడ ఒక్కదానివే అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.3 శాతం అయితే ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం. మన రాష్ట్రంలో మధ్యాహ్నం పూట తలుపు దగ్గరగా వేసుకుని ఈ ప్రశ్నే అడుగుతున్న స్త్రీలు ఎంతమందో ఊహించుకోవచ్చు.

ఒక ఆదివారం బాబాయి స్నేహితులు నలుగురు క్రికెట్ చూడ్డానికి వచ్చారు. బాబాయి టీవీ పెట్టాడు. మొదటి వరసలోనే బొమ్మలు: గర్భసంచి తీసేశాక దాంపత్య జీవితం ఉంటుందా అని ఎర్రటి పెద్ద అక్షరాలు, పక్కనే డాక్టరు కోటు వేసుకున్నాయన ఫోటో. దాని పక్కన ఇంకోటి. ఆ పక్కన ఇంకోటి. "ఏరా, నువ్వేనా ఇవన్నీ చూసేది?" అని ఒకాయన జోకేశాడు. అందరూ నవ్వారు. కాఫీ గ్లాసులు పట్టుకొచ్చిన పిన్ని గుమ్మంలోనే ఆగిపోయింది. వారం తిరక్కుండా తమ్ముడు ఫోన్. ఒకటే మెయిల్ కదా, ఆ వీడియోల వరసే అతని ఫోన్లోనూ వస్తోంది. "అమ్మా, నీకేమైనా ప్రాబ్లమా? నాన్నకి చెప్పావా?" అని కంగారుగా అడిగాడు. ఆ కంగారులో ప్రేమే ఉంది. పిన్నికి మాత్రం తల తీసేసినట్టయింది.

"పక్కింటివాళ్ళు చాడీలు చెప్తారని తెలుసు గానీ, టీవీ కూడా చెప్తుందనుకోలేదమ్మా" అంది నాతో.

ఈ సంగతి నేను ఇద్దరు ముగ్గురు స్నేహితుల దగ్గర ప్రస్తావించాను. అందరూ చదువుకున్నవాళ్ళు, ఉద్యమాలు తెలిసినవాళ్ళు. ఒకాయన "ఇది నగరాల్లో డబ్బున్నవాళ్ళ బెంగ, మన పల్లెల్లో ఆడవాళ్ళకి కూలీ రేట్లు, తాగుడు, తన్నులు ముందు" అన్నాడు. ఇంకొకాయన "సీరియల్స్ చూసేవాళ్ళకి దాచుకోడానికేముంటుంది?" అని నవ్వాడు. మూడో స్నేహితురాలు డిజిటల్ హక్కుల గురించి చాలా కాలంగా పనిచేస్తున్న మనిషి. ఆమె మాత్రం సీరియస్‌గా తీసుకుని, "అవును, ఇంటి గోప్యతను కాపాడుకునే మార్గాలు మీద మనం ఒక కరపత్రం వెయ్యాలి" అంది. నా పేచీ మొదటి ఇద్దరితో కన్నా ఈ మూడో మాటతోనే ఎక్కువ. ఇంటి గోప్యత అంటే ఏమిటి? ఇంటికి గోప్యత ఉంటుందా, మనుషులకి ఉంటుందా?

అసలేం జరుగుతోందో కాస్త వివరంగా చెప్పుకోవాలి. టీవీ మనల్ని చూస్తోందంటే చాలామంది కెమెరా అనుకుని, "మా దానికి కెమెరా లేదులే" అని నిశ్చింతగా ఉంటారు. కెమెరాతో పనిలేదు. తెర మీద ఏ బొమ్మ కదులుతోందో, ఏ శబ్దం వస్తోందో సెకను లోపే నమూనా తీసి, దాన్ని వేలిముద్రలాంటి చిన్న గుర్తుగా మార్చి, కంపెనీ సర్వర్‌కి పంపి, అక్కడున్న కార్యక్రమాల జాబితాతో సరిపోలుస్తారు. ఆటోమేటిక్ కంటెంట్ రికగ్నిషన్ అని పేరు, పొట్టిగా ఏసీఆర్. లండన్, కాలిఫోర్నియా, మాడ్రిడ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2024లో సామ్‌సంగ్, ఎల్‌జీ సెట్ల మీద పరిశీలించి చెప్పినదేమిటంటే, టీవీని స్మార్ట్ పనులకి వాడకుండా ఒట్టి తెరలాగా వాడుకున్నా, వెనకాల హెచ్‌డీఎంఐ వైరు తగిలించి ఇంకో పెట్టెలోంచి చూసినా ఇది పనిచేస్తూనే ఉంది. యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ లాంటి యాప్‌లు తెరిచినప్పుడు టీవీ కంపెనీ ఈ పని చెయ్యడం వాళ్ళకి కనిపించలేదు. అయితే మాత్రం ఏం లాభం, ఆ యాప్‌లు తమ ఖాతా పుస్తకం తామే రాసుకుంటాయి. మా పిన్నిని పట్టిచ్చినది ఆ రెండో పుస్తకం.

ఈ వ్యాపారం ఎంతదో అమెరికాలో ఒక కేసు వల్ల బయటపడింది. విజియో అనే టీవీల కంపెనీ 2014 నుంచి కోటీ పది లక్షల టీవీల్లోంచి, వాటిలో ఎవరేం చూస్తున్నారో సెకను సెకనుకీ సేకరించిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, న్యూజెర్సీ రాష్ట్రం కేసు పెట్టాయి. 2017 ఫిబ్రవరిలో 22 లక్షల డాలర్లు కట్టి కంపెనీ రాజీపడింది. టీవీకి ఇరవై సెంట్లు అన్నమాట. (తర్వాత వినియోగదారులు వేసిన దావాలో ఇంకో కోటీ డెబ్భై లక్షల డాలర్లు కట్టింది, అది వేరే.) నన్ను ఆ ఫిర్యాదులో పట్టి ఆపినది డబ్బు లెక్క కాదు. ఆ చూసిన చరిత్రకి ఏమేం వివరాలు జతచేసే ఏర్పాటు ఉందో ఇచ్చిన జాబితా. ఆడా మగా, వయసు, ఆదాయం, ఇంట్లో ఎంతమంది, చదువెంత, ఇల్లు సొంతమా, పెళ్ళయిందా లేదా.

పెళ్ళయిందా లేదా! మనకి బాగా అలవాటైన ప్రశ్న. అద్దె ఇంటికి వెళ్ళినా, ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళినా, బస్సులో పక్కసీటావిడ పలకరించినా మొదట అడిగేది అదే. ఇప్పుడు గోడ మీద వేలాడే అద్దం కూడా అడక్కుండానే తెలుసుకుంటోంది. "ఇల్లు చూసి ఇల్లాల్ని చూడు" అన్నారు మన పెద్దలు. కంపెనీవాళ్ళు ఆ సామెత వినకపోయినా సరిగ్గా ఆ పద్ధతిలోనే వ్యాపారం చేస్తున్నారు. ఇల్లు ఏం చూస్తోందో చూసి, ఇల్లాలు ఏం కొంటుందో లెక్కగడతారు.

పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథ ఈ పత్రిక చదివేవాళ్ళకి గుర్తుచెయ్యనక్కర్లేదు. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన గృహిణి కథ అది. నా పరిశోధనంతా తెలుగు కథలో ఇల్లు అనే విషయం మీద కాబట్టి నాకు ఏ కొత్త వస్తువు ఇంట్లోకి వచ్చినా ఆ కథే తగులుతుంది. ఆవిడ పేరు కోసం వెతుక్కుంది. ఈ టీవీకి ఆవిడ పేరు అవసరమే లేదు. ఫలానా ఇంటర్నెట్ కనెక్షన్ ఉన్న ఫలానా ఇల్లు, అందులో మధ్యాహ్నం రెండున్నరకి గర్భసంచి గురించి అడిగే ఒక ప్రాణి... అంతే చాలు అమ్ముకోడానికి. పేరు లేకుండానే ఒక స్త్రీని పూర్తిగా తెలుసుకోవచ్చునన్నమాట. మన సంసారాల్లో జరిగేదీ ఇదే కదా అని ఎవరైనా అంటే నేను కాదనలేను.

ఒక చిన్న పక్కదారి. టీవీ చూసేవాళ్ళని లెక్కపెట్టడం కొత్తేం కాదు. రేటింగులిచ్చే బార్క్ సంస్థ కొన్ని వేల ఇళ్ళు ఎంచుకుని, ఆ ఇంటివాళ్ళ ఒప్పుదలతో మీటర్లు పెడుతుంది. రిమోట్‌లో ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో బొత్తాం. అత్తగారు చూస్తుంటే అత్తగారిది, కోడలు చూస్తుంటే కోడలిది నొక్కాలి. 2020లో ముంబై పోలీసులు బయటపెట్టిన టీఆర్పీల కేసులో ఆరోపణ ఏమిటంటే, కొన్ని ఛానళ్ళు పెట్టి ఉంచమని అలాంటి ఇళ్ళకి నెలనెలా డబ్బులిచ్చారని. ఆ మోసాన్ని సమర్థిస్తున్నాననుకోకండి. కానీ ఆ ఇళ్ళకి కనీసం తమని లెక్కపెడుతున్నారని తెలుసు, కోడలికి తన బొత్తాం తనకుంది! మా పిన్నికి అది కూడా లేదు. తమ్ముడి మెయిల్ అనే ఒకే బొత్తాం కింద ఆవిడా, బాబాయీ, మామ్మా, పండక్కి వచ్చే మేమూ అందరం.

కాబట్టి ఇక్కడ చూపులు రెండు. ఒకటి ఇంట్లోంచి బయటికి, కంపెనీకి పోయేది. రెండోది అదే సమాచారం తిరిగొచ్చి ఇంట్లోవాళ్ళ ముందు తెర మీద ఆరేసేది. ప్రపంచంలో టీవీల నిఘా గురించి మాట్లాడేవాళ్ళంతా మొదటి దాని గురించే మాట్లాడతారు. 2025 డిసెంబర్‌లో అమెరికాలో టెక్సస్ రాష్ట్ర అటార్నీ జనరల్ సామ్‌సంగ్, సోనీ, ఎల్‌జీ, హైసెన్స్, టీసీఎల్ కంపెనీల మీద కేసులు వేశాడు, జనం ఇళ్ళలోకి చొరబడి చూస్తున్నారని. మంచిదే. కానీ టెక్సస్ పేరు వినగానే స్త్రీవాదులకి ఇంకోటి గుర్తురావాలి. గర్భస్రావం స్త్రీ గోప్యత హక్కులో భాగమని 1973లో తీర్పు తెచ్చిన 'రో వర్సెస్ వేడ్' పుట్టింది ఆ రాష్ట్రంలోనే. 2022లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేశాక గర్భస్రావాన్ని దాదాపు పూర్తిగా నిషేధించిన రాష్ట్రాల్లో అదీ ఒకటి. అంటే హాల్లో టీవీకి గోప్యత ఉండాలి, గర్భసంచికి అక్కర్లేదు. ఇంటిని కాపాడతాం, ఇంట్లో ఉన్న ఆడమనిషిని మాత్రం అడక్కండి!

మనం నవ్వుకోడానికి లేదు. మన భాషలో గోప్యత అనే మాట నిన్నమొన్న వచ్చింది. అంతకు ముందు నుంచీ ఉన్న మాట గుట్టు. "ఇంటిగుట్టు లంకకు చేటు." గుట్టుగా కాపురం చేసుకోవడం. గుట్టు బయటపెట్టుకోవడం. ఈ మాటలు ఎవరికి చెప్తారో ఆలోచించండి. మొగుడు కొట్టిన దెబ్బ కనబడకుండా చీర చెంగు కప్పుకునే అమ్మాయికి చెప్తారు. ఇంటిగుట్టు అనేది ఇంటి యజమాని పరువు, దాన్ని మోసే కూలీ ఆడది. అందుకే మన ముందుతరం స్త్రీవాదులు ఇంటి గడప లోపలి సంగతులని పట్టుబట్టి వీధిలోకి తెచ్చారు. 'అది వాళ్ళ సొంత విషయం' అన్న ప్రతిసారీ అది రాజకీయమేనని వాదించారు. దాని వల్ల మనలో చాలామందికి గోప్యత అనే మాట వింటేనే ఒక అనుమానం. నాకూ ఉండేది. కానీ ఒక స్త్రీకి తనదైన ఏకాంతం ఉండడం వేరు, ఇంటికి గుట్టు ఉండడం వేరు. రెంటినీ ఒకే మాటతో పిలిచినంతకాలం రెండోది మొదటిదాన్ని మింగేస్తూనే ఉంటుంది.

ఈ తేడాని ఒక తెలుగు కోర్టు చాలా ముందే పట్టుకుంది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి ఇచ్చిన సరిత కేసు తీర్పు. సినీనటి సరిత భర్త, ఆమె తనతో కాపురానికి రావాలని కడప కోర్టులో హిందూ వివాహ చట్టం సెక్షన్ 9 కింద కేసు వేశాడు. కాపురానికి రమ్మని కోర్టు బలవంతపెట్టడమంటే ఆమె శరీరం మీద, బిడ్డని కనాలా వద్దా అన్న నిర్ణయం మీద ఆమెకున్న గోప్యత హక్కుని లాగేసుకోవడమేనని చెప్పి ఆ సెక్షన్‌నే చౌదరి గారు కొట్టేశారు. గోప్యత అంటే దంపతులిద్దరిదీ కలిపి కాదు, ఆమెది. ఆ తీర్పు ఏడాది నిలిచింది. ఢిల్లీ హైకోర్టు, ఇంట్లోకి రాజ్యాంగాన్ని తీసుకురావడం గాజుసామాన్ల కొట్లోకి ఎద్దుని తోలడం లాంటిదంది. 1984లో సుప్రీంకోర్టు సరిత తీర్పుని తోసిపుచ్చింది. సెక్షన్ 9 ఇప్పటికీ చట్టంలో ఉంది.

రెండోసారి. భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో ఫోన్లో మాట్లాడిన మాటల్ని ఆమెకి తెలియకుండా రికార్డు చేసి విడాకుల కేసులో సాక్ష్యంగా పెట్టబోయాడు ఒక భర్త. అలా రికార్డు చెయ్యడం చట్టవిరుద్ధమనీ, ఆమె గోప్యతకి భంగమనీ మన హైకోర్టే మళ్ళీ చెప్పింది. ఆ తీర్పు 2008 లా రిపోర్టుల్లో ఉంది. వేరే రాష్ట్రంలోంచి వెళ్ళిన అలాంటి కేసులోనే 2025 జూలై 14న సుప్రీంకోర్టు, రహస్యంగా రికార్డు చేసిన భార్య సంభాషణల్ని విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని తీర్పిచ్చింది. ఒకరినొకరు రికార్డు చేసుకునేదాకా వచ్చారంటే ఆ కాపురం అప్పటికే చెడిపోయినట్టే కదా అనేది కోర్టు ధోరణి. నిజమే కావచ్చు. కానీ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుంది, పాస్‌వర్డులు ఎవరికి తెలుస్తాయి, టీవీ ఎవరి మెయిల్ మీద ఉంటుంది? రేపు ఒక ఫ్యామిలీ కోర్టులో లాయరు లేచి, ఈవిడ ఆరు నెలలుగా విడాకుల వీడియోలు చూస్తోంది, ఇవిగో తేదీలు, ఇవిగో టైములు అనడని ఎవరైనా హామీ ఇవ్వగలరా?

2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు గోప్యతని ప్రాథమిక హక్కన్నప్పుడు, ఆ హక్కుని ఇంట్లో స్త్రీలమీద జరిగే హింసకి ముసుగుగా వాడుకోకూడదని స్త్రీవాదులు చేసే హెచ్చరికని కూడా ఆ తీర్పు ప్రస్తావించింది. ఆ స్పృహ తర్వాత వచ్చిన చట్టంలో ఎంత మిగిలిందో చూద్దాం. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కంపెనీలు స్పష్టమైన అంగీకారం తీసుకోవాలంటుంది. ఆ నోటీసు ఇంగ్లీషులో గానీ, ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలుండాలంటుంది. అంటే తెలుగులో కూడా. దీని నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. ఈ నోటీసు, అంగీకారాల బాధ్యత అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు, అంటే 2027 మే దాకా. సరే, ఆగుదాం. కానీ అదే చట్టం మూడో సెక్షన్‌లో ఒక చిన్న వాక్యం ఉంది. ఒక వ్యక్తి తన సొంత, గృహ అవసరాల కోసం డేటాని వాడుకుంటే ఈ చట్టం వర్తించదు. చట్టం వీధిగుమ్మం దాకా వచ్చి చెప్పులు విడిచి అక్కడే కూర్చుంది! లోపల ఎవరు ఎవర్ని చూస్తున్నారో దానికి పట్టదు. కొడుకు తల్లి చూసిన వీడియోల జాబితా చూడొచ్చు, మొగుడు పెళ్ళాం హిస్టరీ తియ్యొచ్చు. అది గృహ అవసరం.

ఇంతకీ అంగీకారం ఇచ్చిందెవరు? మా పిన్ని ఇంట్లో షాపు కుర్రాడు. అతను ఓకే నొక్కినప్పుడు పిన్ని వంటింట్లో అతనికి టీ పెడుతోంది. ఇంటి తరఫున ఎవరో ఒక మగవాడు సంతకం పెడితే అది అందరి సంతకమూ అయిపోయే పద్ధతి రేషన్ కార్డు దగ్గర నుంచి పొలం పట్టా దాకా మనకి తెలిసిందే. టీవీ కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. దాన్నే ఇంకో నాలుగు వందల గీతల ఇంగ్లీషులో రాసింది.

ఇల్లు అంటే ఎవరు అని కూడా అడగాలి. పిన్ని వాళ్ళ వీధిలో కువైట్‌లో పదకొండేళ్ళు ఇళ్ళలో పనిచేసి తిరిగొచ్చిన ఒకామె ఉంది. కోనసీమ నుంచి అలా వెళ్ళిన ఆడవాళ్ళు ఎంతమందో అందరికీ తెలుసు. ఈ టీవీ గొడవ విని ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు. "మా మేడమ్ ఇంట్లో వంటింట్లో కూడా కెమెరా ఉండేదండి. ఏడుపొస్తే బాత్రూములోకెళ్ళేదాన్ని, ఆయ్" అంది మామూలుగా. ఆ ఇంట్లో కెమెరా పెట్టింది ఇంటి భద్రత కోసం, ఇంటివాళ్ళ గోప్యత కోసం. ఆమె ఇంటి మనిషి కాదు మరి. మన ఊళ్ళో ఇళ్ళు తుడిచే ఆడవాళ్ళు కూడా కాదు. ఇంటి గోప్యత అన్న కరపత్రంలో వీళ్ళకి ఏ పేజీలో చోటిస్తాం?

కూలీ, తాగుడు, తన్నులు ముందు అన్న స్నేహితుడికి నా జవాబు ఇదే. తన్నులు తినే స్త్రీ సాయం ఎక్కడ దొరుకుతుందో ఎక్కడ వెతుక్కుంటుందనుకుంటున్నారు? గృహహింస చట్టం గురించి, పుట్టింటి ఆస్తిలో వాటా గురించి, ఒంట్లో గడ్డ గురించి, తన కోరికల గురించి ఎవర్నీ అడగలేని స్త్రీ ఆ మైకునే అడుగుతుంది. నగరంలో సొంత ల్యాప్‌టాప్, సొంత గది ఉన్న నాలాంటిదానికి టీవీ నిఘా ఒక చిరాకు. ఇంటికంతటికీ ఒకటే తెర, అదీ హాల్లో ఉన్న మనిషికి అది నోరు నొక్కెయ్యడం. సీరియల్స్ చూసేవాళ్ళకి దాచుకోడానికేముంటుందన్న రెండో స్నేహితుడి విషయానికొస్తే, ఆయనకి తన భార్య మధ్యాహ్నం ఏం చూస్తుందో తెలియదని మాత్రం నాకు అర్థమైంది. తెలియకుండానే ఉండాలని కోరుకుంటున్నాను.

మొన్న వేసవిలో వెళ్ళినప్పుడు పిన్నీ నేనూ మధ్యాహ్నం టీవీ ముందు కూర్చున్నాం. సెట్టింగుల్లోకి వెళ్ళాం. ఈ నిఘా మీటకి కంపెనీలు పెట్టుకునే పేర్లు ఎంత మర్యాదగా ఉంటాయో చూడండి: సామ్‌సంగ్‌లో వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్, ఎల్‌జీలో లైవ్ ప్లస్, సోనీ సెట్లు కొన్నిట్లో సాంబా ఇంటరాక్టివ్ టీవీ. మోడల్‌ని బట్టి ప్రైవసీ అనో, నిబంధనలు అనో ఉన్నచోట వెతుక్కోవాలి. పిన్ని వాళ్ళ టీవీలో అది నాలుగు మెట్ల కింద ఉంది. పెట్టడానికి ఒక్క నొక్కు, తియ్యడానికి నాలుగు మెట్లు. ప్రకటనలకి సంబంధించిన అంగీకారం ఇంకోచోట. రెండూ తీసేశాం. తీసేస్తే ఆ పంపడం ఆగుతోందని నేను పైన చెప్పిన పరిశోధకులే చూశారు కాబట్టి ఈ కష్టం దండగ కాదు. మీ ఇంట్లో కూడా చెయ్యండి, మీ అమ్మల ఇళ్ళలో చెయ్యండి.

అదయ్యాక వీడియోల యాప్‌లో పాత జాబితా చెరపబోతే పిన్ని ఆపింది. "చెరిపేస్తే నేనేదో తప్పు చేసి దాచినట్టుండదూ?" అంది. దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. కాసేపాగి ఆవిడే అడిగింది. "నా పేరు మీద వేరేగా ఒకటి పెట్టుకోకూడదా?"

ఆవిడకి సొంత మెయిల్ లేదు. ఫోన్లో ఉన్నది కూడా తమ్ముడు తన నంబరు మీద చేసి ఇచ్చిందే. కొత్తది చెయ్యాలంటే ఒక ఫోన్ నంబరు కావాలి. ఆవిడ సిమ్ బాబాయి పేరున ఉంది. అయినా నంబరు ఆవిడదేగా, అదే ఇచ్చాం. పేరు అడిగింది. పెళ్ళికి ముందు ఇంటిపేరుతో సహా రాయమంది. నేను ఆవిడ ముఖం వైపు చూశాను. "అలాగే రాయి" అంది.

పాస్‌వర్డ్ దగ్గరకొచ్చేసరికి ఫోన్ నా చేతిలోంచి తీసుకుంది. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ నొక్కుతుంటే నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఎదురింటి ప్రహరీ పక్కన గెలలు నింపుకున్న ట్రాక్టరొకటి ఆగి ఉంది. చాలాసేపు పట్టింది ఆవిడకి.